సంతకానికే జీతం

పైడిరాజుకి ఫైనాన్స్ మేనేజర్ ఉద్యోగం వచ్చింది. పెట్టుబడులన్నీ మిషనే చూసుకుంటుంది. కింద సంతకం మాత్రం మనిషే పెట్టాలి. జనం సొమ్ము మునిగితే మిషన్ని జైల్లో వెయ్యలేరు కదా. అందుకే అంత జీతం. అందుకే ఎప్పుడు చూసినా ఖాళీలు.

ఆర్డరు వచ్చిన రోజు నుంచే భార్య నరసమ్మ అతన్ని తయారు చేస్తోంది. చప్పిడి కూర వండుతోంది. పొద్దు వాలకముందే అన్నం పెట్టేసి, దిండు లేకుండా గచ్చు మీద పడుకోబెడుతోంది. గాజువాకలో ఫైనాన్స్ వాళ్ళ ఇళ్ళన్నీ ఇంతే.

"ఏటే ఇది, ఇంకా చేరనేదు కదా," అన్నాడు పైడిరాజు.

"తిను మావా. మా అన్న అలవాటు నేకే జైల్లో సగమైపోనాడు."

చేరిన రోజు మొదటి ఫైలు ఇంటికే, ఫోన్లోకి వచ్చింది. పైడిరాజు కంపెనీకి ఫోన్ చేశాడు. "ఒకసారి చదివి సంతకం పెడతానండి."

అవతల అమ్మాయి నవ్వింది. "చదవకండి సార్. చదివితే తెలిసి చేసినట్టు లెక్క. శిక్ష రెట్టింపు."

పైడిరాజు ఫోన్ పెట్టేసి ఫైలు తెరవబోయాడు. నరసమ్మ అతని కళ్ళజోడు లాక్కుంది. చెయ్యి పట్టుకుని, అతని వేలు తెర మీద సంతకం గడిలో తనే ఆనించింది.