ఆదివారం అప్‌డేట్

శ్రీలత తల్లిగారింటికి వెళ్లిన రెండో వారానికే సెంటర్ కౌంటర్‌లో ఆమె కుర్చీలో, కొత్తగా పనికి కుదిరిన నీల కూర్చుంది.

మద్నూర్‌లో తల్లి సాయవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చూసుకోవడానికి ఇంకెవరూ లేరు.

"నువ్వు పో. ఇక్కడి ఫికర్ చెయ్యకు. కౌంటర్‌ల కూసునేటందుకు ఎవర్నన్న పెట్టుకుంట," అన్నాడు భర్త అఖిలేశ్.

బాన్సువాడ బస్టాండు ఎదుట ఉన్న ఇంటర్నెట్ సెంటర్ వాళ్లిద్దరిదీ. శ్రీలత ఫికర్ కౌంటర్ గురించి కాదు. సెంటర్‌లోని కంప్యూటర్లన్నిటికీ ఇంటర్నెట్ అందించే పెద్ద సిస్టం గురించి. దాంట్లో ఆమె విండోస్ బదులు ఏరికోరి జెంటూ లినక్స్ వేసింది. వైరస్‌ల బెడద లేదు. కానీ దానికి ప్రోగ్రాములు తయారుగా రావు. సోర్స్ కోడ్ తెచ్చుకుని, ఆ సిస్టం మీదే కంపైల్ చేసుకోవాలి.

"గిది బియ్యం కొనుక్కొచ్చుకునే ఇల్లు కాదు. వడ్లు తెచ్చి ఇంట్లనే దంచుకునే ఇల్లు," అని బస్సెక్కేముందు మళ్లీ చెప్పింది. "ఆదివారం ఆదివారం అప్‌డేట్ పెట్టు. ఇడిస్తే కుప్ప వడ్తది. పెట్టేముందు హెచ్చరికలేమన్న ఉన్నయేమో చదువు. దంచుడు అయినంకనే అసలు పని. పాత సెట్టింగుల ఫైళ్లు, కొత్తయి పక్కపక్కన పెట్టి చూసుకుంట కలుపాలె. కలుపకున్నా పైకి మంచిగనే నడుస్తది. ఒక్కసారి బందైతే మాత్రం మల్ల లేవది."

"తెలుసు తియ్యి," అన్నాడు అఖిలేశ్.

మొదటి ఆదివారం సాయంత్రమే ఫోన్ చేశాడు. గొంతులో హుషారు.

"ఒక్క లైన్ కొట్టి, సెంటర్ మూసి తిననీకి పోయిన. ఓ కునుకు తీసి వచ్చేసరికి అంతా అయిపోయింది. కలుపుడు లేదు, గిలుపుడు లేదు. ఇన్నేండ్ల సంది నువ్వే దాన్ని పెద్ద యజ్ఞం జేసినవ్."

శ్రీలత నవ్వింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే మాట. సిస్టం ఒక్కసారి కూడా మొరాయించలేదు.

మద్నూర్‌లో ఆమె ఖాళీగా లేదు. తల్లికి స్నానం, మందులు, వంట. మధ్యాహ్నాలు ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని ఊళ్లోని ఆడపిల్లలకు నేర్పేది. మహారాష్ట్ర సరిహద్దు ఊరు కాబట్టి సగంమంది మరాఠీలో అడిగేవాళ్లు. రోడ్డు మీద లారీల మోతకు గొంతు పెంచి, ఆమె తెలుగులో చెప్పేది.

సాయవ్వ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

"ఇగ నేనొస్త," అంది శ్రీలత ఫోన్‌లో.

"ఏం తొందర? అవ్వకు మొత్తం తగ్గనియ్యి."

సాయవ్వ కర్ర కూడా వదిలేసింది.

"ఎండలు తగ్గినంక రా," అన్నాడు. ఆ తర్వాత ఫోన్లు తగ్గాయి. సిస్టం మంచిగున్నదన్న ముక్క తప్ప వేరే మాట ఉండేది కాదు.

పదో తరగతి ఫలితాలు మంగళవారం వస్తున్నాయని పేపర్లో చూసింది. ఆ రోజు సెంటర్ ముందు జాతరే. ఒక్కడే ఎట్లా తట్టుకుంటాడు? అతనికి ఇష్టమని సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుంది. చెప్పకుండా శనివారం బస్సెక్కింది.

బాన్సువాడలో దిగి రోడ్డు దాటబోయి ఆగిపోయింది.

గాజు తలుపు వెనక నీల. మెడలో ఇంకా రంగు మాయని పసుపుతాడు. అఖిలేశ్ ఆమె కుర్చీ మీదికి వంగి, ఆమె చేతిలోని పొట్లంలోంచి మిర్చీ తీసుకుని తింటున్నాడు. ఇద్దరూ నవ్వుతున్నారు.

పక్కన జిరాక్స్ షాపు నడిపే హన్మాండ్లు శ్రీలతను చూసి బయటికొచ్చాడు.

"అక్కా, గిక్కడ్నే నిలబడ్డవేంది? లోపలికి పో."

"గా పసుపుతాడు ఏంది తమ్మీ?"

హన్మాండ్లు మొహం మాడింది. "నీకు తెల్వదా? పోయిన నెల గుళ్లె చేసుకున్నరు. పిల్లలు అయితలేరని నువ్వే చేసుకొమ్మన్నవని చెప్పిండు గదక్కా అన్న. అందరికి గదే చెప్పిండు. నీ మనసు పెద్దదని మేమంత అనుకున్నం."

శ్రీలత సెంటర్లోకి వెళ్లలేదు. అరవలేదు. వచ్చిన బస్సులోనే తిరిగి మద్నూర్ చేరింది. డబ్బా మూత తీయకుండానే గట్టు మీద పెట్టి, తల్లి పక్కన గోడవైపు తిరిగి పడుకుంది.

మంగళవారం మధ్యాహ్నం అఖిలేశ్ మోటార్ సైకిల్ వాకిట్లో ఆగింది. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఏం జేసినవే సిస్టంను?" అన్నాడు గడప దాటకముందే. "పొద్దుగాల కరెంటు పోయి వచ్చింది. ఇగ లేస్తలేదు. రిజల్టు కోసం వచ్చిన పిల్లలంత అవతలి సెంటర్‌కు ఉరికిన్రు. బజార్ల నా ఇజ్జత్ పోయింది!"

"నా బిడ్డ ఇజ్జత్ బజార్ల పెట్టినప్పుడు యాదికి రాలేదా?" అంది సాయవ్వ.

అతను ఆమె వైపు చూడలేదు. "పాస్‌వర్డ్ నీకు తెలుసు. ఇక్కడ కూసోనే లోపలికొచ్చి చెడగొట్టినవ్. శనివారం వచ్చి చూసి పోయినవని హన్మాండ్లు చెప్పిండు. పగ వట్టినవ్."

"నేనేం జేయలే," అంది శ్రీలత.

"అబద్ధం! అవ్వ మీద ఒట్టేసి చెప్పు."

శ్రీలత లేచి తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"అవ్వ మీద ఒట్టు. నేనేం జేయలే."

అది అబద్ధం కాదు. ఇన్ని నెలలుగా ప్రతి ఆదివారం, అఖిలేశ్ కునుకు తీసి వచ్చేలోపు మద్నూర్ నుంచే ఆ సిస్టంలోకి వెళ్లి, అతను కలపని ఫైళ్లన్నీ కలిపి, చప్పుడు చేయకుండా బయటికి వచ్చేస్తున్న శ్రీలత, మొన్నటి ఆదివారం మాత్రం నిజంగానే ఏమీ చేయలేదు.