ఆకుపచ్చ ఎంజీ బేరం

"ఎంజీ కారు అమ్మకానికుందని పేపర్లో చూశాను. ఇదేనా?"

గేటు బయట నిలబడి అడిగాడు ముసలాయన.

డోరీన్ కిటికీ కొంచెమే తెరిచింది.

"ముందు మీరెవరో చెప్పండి."

"అలున్ ప్రాసర్. వేల్స్ నుంచి వస్తున్నాను."

"వేల్స్ నుంచి యార్క్‌షైర్‌లో ఉన్న మా ఆట్లీ ఊరికా? మీ దగ్గర పాత కార్లు అయిపోయాయా?" వెనక నుంచి పక్కింటి మేవిస్ అందుకుంది.

ఆయన నవ్వలేదు. కుడికాలు కాస్త ఈడుస్తూ గేటు లోపలికి వచ్చాడు.

భర్త క్లిఫర్డ్ పోయాక డోరీన్ ఒంటరిదైంది. ఆమెకు డ్రైవింగ్ రాదు. పైకప్పు వెనక్కి మడిచే ఆ స్పోర్ట్స్ కారు షెడ్డులో ఉండి ఎవరికి లాభమని అమ్మకానికి పెట్టింది. పెట్టిన రోజు నుంచీ, కొనేవాళ్ళలా వచ్చి ముసలివాళ్ళను ముంచేసి పోయే మాయగాళ్ళ కథలు పూటకొకటి చెప్పింది మేవిస్. ఆ భయంతోనే డోరీన్ ఆమెను తోడు పిలుచుకుంది.

ఇద్దరూ ఆయన్ని షెడ్డు దగ్గరికి తీసుకెళ్ళారు. ప్రాసర్ బానెట్ ఎత్తలేదు. టైర్లు చూడలేదు. ఇంజను స్టార్టు చేయమని కూడా అడగలేదు.

డ్రైవరు తలుపు తీసి, పెడళ్ళ దగ్గర తల దూర్చి, టార్చి వేశాడు.

"ఇదేం చూడ్డమే? ఎలక దూరినట్టు దూరాడు!" గుసగుసలాడింది మేవిస్. "ఏదో పీకేస్తున్నాడు చూడు."

"ఏం చేస్తున్నారక్కడ?" గట్టిగా అడిగింది డోరీన్.

టార్చి వెలుగు ఒకేచోట నిలిచిపోయింది.

చాలాసేపటికి బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"దుమ్ము పడింది," అన్నాడు.

"దుమ్మా? మా ఆయన కారులోనా?" డోరీన్‌కు రోషం వచ్చింది. "పోయే ముందు వారం కూడా తుడిచాడండీ దాన్ని!"

ప్రాసర్ కోటు జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి? వీధి చివర మీ మనుషులెవరైనా ఉన్నారా?" అంది మేవిస్.

ఆయన ఆమెను పట్టించుకోలేదు. డోరీన్ వైపు తిరిగాడు.

"మీ ఆయన దీన్ని ఎక్కడ కొన్నారమ్మా?"

"లీడ్స్‌లో. ఎనభై ఒకటిలో. ఎందుకు?"

"ఎవరి దగ్గర?"

"నాకేం తెలుసు! ఎవరో కుర్రాడు, డబ్బు అవసరమై అమ్ముకున్నాడని మా ఆయన చెప్పాడు. కాగితాలన్నీ ఉన్నాయి. అసలు మీ అనుమానమేమిటి?"

"క్లిఫర్డ్‌ని అనుమానిస్తున్నారా?" మేవిస్ గొంతు పెంచింది. "చర్చిలో చందాల పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండేది. కొట్లో చిల్లర ఒక పెన్నీ ఎక్కువిస్తే వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషి!"

డోరీన్ కారు తలుపు మీద చెయ్యి వేసింది.

"మాకు పిల్లల్లేరు. ఆదివారం నన్ను ఇందులో కూర్చోబెట్టుకుని విట్బీ తీసుకెళ్ళి, సముద్రం దగ్గర చేపలూ చిప్సూ తినిపించేవాడు. ఆయన గురించి ఈ ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేరు. నాకు మిగిలింది ఆ పేరే."

ప్రాసర్ ఆ చేతి వైపే చాలాసేపు చూశాడు.

ఫోను మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు.

"ఎంత చెప్పారు?"

"పన్నెండు వేల పౌండ్లు."

"సరే."

"సరే అంటే?"

"తీసుకుంటాను."

మేవిస్ డోరీన్ మోచేయి పట్టుకుని ఇంట్లోకి లాగింది.

"బేరమాడని వాణ్ణి నమ్మకూడదే! మన యార్క్‌షైర్‌లో చచ్చినవాడు కూడా లేచి శవపెట్టె రేటు తగ్గించమంటాడు. డబ్బు బ్యాంకులో పడేదాకా తాళం ఇవ్వకు."

డోరీన్ ఇవ్వలేదు. లోపలికి రమ్మని కూడా అనలేదు. సన్నగా వాన మొదలైంది. బ్యాంకు వాళ్ళు డబ్బు పడిందని చెప్పేదాకా ప్రాసర్ గేటు పక్క గోడ మీద కూర్చున్నాడు. కిటికీ లోపల ఇద్దరూ టీ తాగుతూ ఆయన్ని కాపలా కాశారు.

తాళం చేతికందుకుని ఆయన ఒక్క మాటే అన్నాడు.

"మీ ఆయన దీన్ని చాలా బాగా చూసుకున్నారమ్మా."

అంత వానలోనూ పైకప్పు మడిచి మరీ నడుపుకుంటూ వెళ్ళాడు.

"పిచ్చివాడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి," తేల్చేసింది మేవిస్. "పాత కార్ల సంఘం వాళ్ళకు చెప్పు. ఇంకెవరూ మోసపోకుండా ఉంటారు."

డోరీన్‌కూ అదే మంచిదనిపించింది. ఫోను చేసింది. సంఘం కార్యదర్శి అంతా విని పెద్దగా నవ్వాడు.

"కుడికాలు ఈడుస్తాడా? అలున్ ప్రాసర్! ఆయన మోసగాడేమిటమ్మా? ఆయన్నే ఎవడో మోసం చేశాడు. కొత్తగా పెళ్ళైన రోజుల్లో దాచుకున్న జీతమంతా పోసి కొనుక్కున్న ఎంజీని వేల్స్‌లోనే లాండుడ్నో బీచి దగ్గర ఎత్తుకుపోయారు. నంబర్లు మార్చి అమ్మేసుంటారు. నలభై ఏళ్ళుగా ఎక్కడ ఆకుపచ్చ ఎంజీ అమ్మకానికి పెట్టినా అక్కడ వాలతాడు."

"లోపల... పెడళ్ళ దగ్గర తల దూర్చి చూశాడు," అంది డోరీన్ నెమ్మదిగా.

"ఆయన భార్య స్క్రూడ్రైవరుతో తన పేరు గీసిందట అక్కడ. ఆవిడ పోయి చాలా కాలమైంది పాపం. కారు దొరికిన క్షణం పోలీసులకు ఫోను చేస్తాను, పెన్నీ ఇవ్వకుండా తోలుకుపోతాను అంటుంటాడు. అది కాదని తెలిస్తే థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు. ఇంతవరకూ ఎవరి కారూ కొనలేదు. మీరేం భయపడకండి."

డోరీన్ కిటికీలోంచి ఖాళీ షెడ్డు వైపు చూసింది.

"అమ్మా? లైన్లో ఉన్నారా?"

"కొన్నాడు," అంది డోరీన్.



చనిపోయిన క్లిఫర్డ్ మీద మాట పడకుండా, అది దొంగిలించిన కారని ఆమెకు తెలియనివ్వకుండా, తన కారును తానే పూర్తి ధర ఇచ్చి కొనుక్కుని వెళ్ళిపోయాడు ఆ మనిషి.