కొంగ వేసిన దావా

అడవిలో కొత్త చట్టం వచ్చింది. చెత్త వేసినవాళ్ల మీద ఎవరైనా దావా వేయొచ్చు. ఓడినవాళ్లు ఆ చెత్త ఎత్తాలి.

అంతకుముందు కోతి కుంటలో సీతాఫలం తొక్కలు విసిరితే, కొంగ తిట్టుకుంటూ ముక్కుతో తీసి పారేసేది. ఈసారి తీయలేదు. దావా వేసి, తీర్పులు చెప్పే తాబేలుకి కొండమీదికి కబురు పంపింది.

"నాలుగు తొక్కలేగా, తీసెయ్ కొంగక్కా. నీళ్లు కంపు కొడుతున్నాయి," అంది కప్ప.

"ముట్టుకున్నావంటే ఊరుకోను. అది సాక్ష్యం," అంది కొంగ.

తాబేలు బయల్దేరింది. దాని నడక దానిది. ఈలోగా అడవిపంది నమిలేసిన దుంపలు తెచ్చి కుంటలో పడేసింది. ఎలుగుబంటి పిండేసిన తేనెపట్లు పడేసింది. ఎలాగూ కేసు కోతి మీదే కదా అనుకున్నాయి. కేసు బలపడుతోందని కొంగ మురిసిపోయింది. చేపలు చచ్చి తేలితే, కడుపు మాడ్చుకుని వాటినీ సాక్ష్యంలో కలిపింది. కప్ప పిల్లల్ని తీసుకుని వలస పోయింది.

సీతాఫలాల కాలం దాటాక తాబేలు వచ్చి, అటూ ఇటూ చూసింది.

"కుంట ఎక్కడమ్మా?"

"ఇక్కడే అయ్యగారూ," అంది కొంగ గర్వంగా. "సాక్ష్యం కింద ఉంది."