తడి కాలు, పొడి అడ్డకర్ర

పొరపాటు. ఎంత మెత్తని మాట! ఎవరికి వాళ్లు తెచ్చి తమ్ముడికి ఇచ్చిపోతున్నారు. పక్కింటావిడ ఇచ్చింది. కొమ్మలు తోలే బండివాడు ఇచ్చాడు. వదినైతే తొడ ఎముకకు మరలు బిగించిన మర్నాడే, ఆసుపత్రి మంచం మీద నుంచే ఇచ్చింది. "మనుషులన్నాక పొరపాట్లు జరగవా? అన్నదమ్ములిద్దరూ ముందు ఆ ఏడుపు మొహాలు మానండి" అంది.

ఆమె ఇంటికొచ్చి ఇరవై రోజులైంది. తమ్ముడికి మాత్రం ఆ మాట ఇంకా గొంతు దిగలేదు.

కొట్టు అరుగు మీద కూర్చుని కొమ్మ బెరడు చెక్కుతున్నాడు. చెక్కుతున్నాడనే గాని, ఒకే చోట గీకి గీకి కొమ్మను పుల్ల చేశాడు. ఎదురుగా అన్నయ్య తన పనిముట్లు ఒక్కొక్కటే గుడ్డలో చుడుతున్నాడు.

ఇద్దరిదీ ఒకటే పని. వాగు గట్టున రాలిన కొమ్మలు, తోటల్లో నరికి పారేసినవి ఏరుకొస్తారు. వాటి వంపులు వాటికి ఉంచి కుర్చీలు, బల్లలు చేస్తారు. మేకు వాడరు. కాలికి బెజ్జం వేసి, రెండు కాళ్లను కలిపే అడ్డకర్ర కొన అందులో దిగ్గొడతారు. కాలు కాస్త తడిగా ఉండాలి. అడ్డకర్ర ఎండి గలగలలాడాలి. ఆరేకొద్దీ కాలు బిగుసుకుని అడ్డకర్రను పట్టేస్తుంది. ఇక జన్మలో వదలదు. అలా కాక పచ్చి అడ్డకర్ర పెడితే, ఆ రోజుకు అదీ అంతే బిగువుగా కనిపిస్తుంది. నెల తిరిగేసరికి ఎండి సన్నబడుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు కూర్చోవడమే తరువాయి.

అందుకే ఎండువి అటక మీద, పచ్చివి పెరట్లో. నాన్న హయాం నుంచీ అదే ఏర్పాటు.

"అటక మీదివనుకుని పెరట్లోవి తెచ్చుంటాను," అన్నాడు అన్నయ్య, ఇప్పటికి వందోసారి. "చూపు పోయిందిరా. వేళ్లకు కూడా తెలియలేదంటే చేతులూ పోయినట్టే. ఇంకెవరి నడుమో విరగ్గొట్టక ముందే మానేయాలి."

వదినను పడేసిన ఆ కుర్చీ ఇంటి కోసం చేసుకున్నది. తీరికైనప్పుడల్లా ఇద్దరూ చెరో చెయ్యీ వేశారు. ఎవరు ఏది బిగించారో అన్నయ్యకు గుర్తులేదు. గుర్తులేదు కాబట్టి తప్పంతా తనదేనని తేల్చేసుకున్నాడు. వారం నుంచి వాగు వైపే వెళ్లలేదు. పొద్దున్న లేచి గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. కొమ్మ కనబడితే చాలు, ఇది వీపు, ఇది చెయ్యి అని పిల్లాడిలా గంతులేసే మనిషి.

నోరు మాత్రం మంచిది కాదు. మొన్న ఎండాకాలం, కొనడానికొచ్చిన నలుగురి ముందు, తమ్ముడు చేసిన కుర్చీ కాలు ఒంటి చేత్తో ఊడబెరికాడు. "బెజ్జమా ఇది? కుర్చీ చెయ్యమంటే పేకమేడ కట్టాడు మావాడు!" అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు.

లోపలి నుంచి టక్ టక్‌మని చేతికర్ర చప్పుడు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇంకా అదే పారాయణమా? మీ సరుకు కంటే నేనే నయం. మూడు కాళ్ల మీద నిక్షేపంగా నిలబడ్డాను."

ఇద్దరూ నవ్వలేదు.

"అయినా తప్పు నాది మరిదీ. అది మీ అన్నయ్య సింహాసనం. సాయంత్రమైతే ఆయన తప్ప ఇంకొకరు కూర్చోరు. ఆయన రావడం ఆలస్యమైంది కదాని, అరికాల్లో ముల్లు తీసుకోవడానికి ఒక్క క్షణం కూర్చున్నా. ఓర్వలేక మెట్ల మీదకు తోసేసింది మహాతల్లి!"

తమ్ముడి చేతిలో కొమ్మ విరిగింది.

"ఆ అడ్డకర్రలు నేను బిగించాను," అన్నాడు. ఇన్నాళ్లూ లోపల కూడబలుక్కున్న మాట. బయటికొచ్చేసరికి మరీ చిన్నగా ఉంది.

అన్నయ్య తలెత్తి చూశాడు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో నవ్వు వచ్చింది.

"విన్నావటే? నీ మరిది నా తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు."

"కొత్తేముంది? చిన్నప్పుడు మీరు పాలగిన్నె ఒలకబోస్తే నేనేనని ముందుకొచ్చేవాడట. అత్తయ్య ఎన్నిసార్లు చెప్పలేదు!"

"నిజంగా అన్నయ్యా. నేనే."

"పోరా! నువ్వు బెజ్జం వంకరగా వేస్తావంటే నమ్ముతాను. పచ్చిదేదో ఎండుదేదో కళ్లకు గంతలు కట్టినా చెబుతావు. నీ చేతిలో ఆ పొరపాటు జరగనే జరగదు." గుడ్డ మూట దగ్గరికి లాక్కున్నాడు. "నీ మంచితనం పాడుగానూ, నన్ను ఓదార్చడానికి అబద్ధాలాడకు."

అందులోంచి కర్ర చెక్కే రెండు పిడుల కత్తి తీశాడు. నాన్న వాడిన కత్తి. పన్నెండేళ్ల వయసు నుంచి తమ్ముడు ఆశపడ్డ కత్తి.

"ఇక ఈ కొట్టుకు నువ్వే పెద్దచెయ్యి. ఉంచుకో."

వదిన కొంగుతో కళ్లద్దుకుంది. అన్నయ్య మోకాళ్ల మీద చేతులానించి లేవబోయాడు. వాళ్లు తనకు అంటగట్టిన ఆ మంచితనాన్ని అలా ఉండనిస్తే సరిపోతుంది. ఎవరూ ఎప్పటికీ అడగరు. నమ్మేవాళ్లు ఇంత గట్టిగా నమ్ముతుంటే కాదనడానికి మనిషికి ఎంత బలం కావాలి!

తమ్ముడు అన్నయ్య మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నువ్వు కూర్చుంటావనే, పచ్చివి ఏరి మరీ బిగించాను అన్నయ్యా."