ఒక్క అభ్యంతరం

"ఒక్క అభ్యంతరం కూడా రాలేదు," అన్నాడు అనుమతుల అధికారి, కంప్యూటర్ తెర మీంచి తల ఎత్తకుండానే.

"ఇంకోసారి చూడండి సార్," అంది కంపెనీ తరఫున వచ్చినావిడ.

అధికారికి నవ్వొచ్చింది. అనుమతి అడగడానికి వచ్చినవాళ్లు అభ్యంతరాల్లేవంటే హమ్మయ్య అనుకుంటారు. ఈవిడేమిటి, పెళ్లి ఆపేవాడెవడైనా రాకపోతాడా అని గుమ్మం వైపు చూసే పెళ్లికూతురిలా ఉంది! ఆ మాట పైకే అన్నాడు. గుమస్తా కూడా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

సంగతి ఇదీ. కంపెనీకి ఆకాశంలో ఓ పాత ఉపగ్రహం ఉంది. నడి సముద్రంలో, పడవ ఎప్పుడొస్తుందో దానికే తెలియని నాలుగు దీవులకు ఫోనూ నెట్టూ అన్నీ అదే. దాన్ని అక్కణ్ణుంచి జరిపి నగరాల నెత్తిన పెట్టాలని కంపెనీ ఆశ. నగరాల్లో సినిమాలు చూసేవాళ్లు లక్షల మంది. దీవుల్లో పురుడు కోసం ఎదురుచూసేవాళ్లు ఎందరని? డబ్బు ఎటు ఉంటే ఉపగ్రహమూ అటే.

కాకపోతే జరిగే దారి పొడుగునా వేరేవాళ్ల ఉపగ్రహాలున్నాయి. కింద నుంచి దీన్ని నడిపే సంకేతాలు వాటికి తగలకుండా తాత్కాలిక అనుమతి తీసుకోవాలి. అది లేకుండా ఒక్క సంకేతం పంపినా నేరం. అనుమతి ఇచ్చేముందు నెట్‌లో నోటీసు పెడతారు. ఆ ఉపగ్రహాన్ని వాడుకునేవాళ్లలో ఒక్కరు వద్దని రాసినా చాలు, తాత్కాలికం కుదరదు, పూర్తి విచారణ జరగాలి. అన్నాళ్లు ఆగితే నగరాల బేరం చేజారుతుంది. కంపెనీ ఇక దాని జోలికి పోదు.

ఆ ఒక్కరు ఎవరో ఆవిడకు తెలుసు. తన సొంత చెల్లెలు.

చెల్లెలు ఆ దీవుల్లో నర్సు. అక్కడ డాక్టరు లేడు. బిడ్డ అడ్డం తిరిగిందంటే ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒడ్డునున్న పెద్దాసుపత్రి డాక్టరమ్మ చెప్తూ ఉంటే ఆ ప్రకారం చేతులు ఆడిస్తుంది. అలా ఎందరు తల్లుల్ని బతికించిందో. అందుకే, దరఖాస్తు పెట్టకముందే అక్క దొంగచాటుగా ఫోన్ చేసి అంతా చెప్పింది. నోటీసు పడగానే నువ్వు రాసెయ్, నాకు మాత్రం ఫోన్ చెయ్యకు, కంపెనీకి వాసన తగిలితే నా ఉద్యోగం ఊడుతుంది అంది. చెల్లెలు పడీపడీ నవ్వింది. ఇన్నాళ్లకు నీకు బుద్ధొచ్చింది అక్కా, రాస్తాలే, నాలుగు తిట్లు కూడా కలిపి మరీ రాస్తా అంది.

రాయలేదు.

అధికారి చెడ్డవాడేం కాదు. దీవులవాళ్ల సంగతి తన మనసునూ పీకుతోందన్నాడు. ఎవరూ అడక్కుండా తనంతట తాను ఆపడానికి రూలు ఒప్పుకోదన్నాడు. కంపెనీ మనిషే ఇబ్బంది ఉందని ఒప్పుకుంటే మాత్రం, ఆ ముక్క పట్టుకుని ఆపగలనన్నాడు. ముద్ర చేత్తో పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"మీరు చెప్పండమ్మా. వాళ్లకి ఇబ్బందేం లేదనే రాసుకోమంటారా?"

మాట గొంతుదాకా వచ్చింది. ఉందండీ అంటే ఉద్యోగం పోతుంది, దీవులకు ఫోన్ ఉంటుంది. కానీ మాటకంటే ముందు కోపం వచ్చింది. అక్కడ ఉండేది అది. పురుళ్లు పోసేది అది. నాలుగు లైన్లు రాయడానికి దానికే చేతులు రాకపోతే, నేనెందుకు రోడ్డున పడాలి?

"ఇబ్బంది ఉంటే రాసేవాళ్లు కదండీ," అంది.

ముద్ర పడింది.

అనుమతి పట్టుకుని తిన్నగా కంట్రోల్ గదికి వెళ్లింది. గది నిండా తెరలు, ఎముకలు కొరికే ఏసీ. ఉపగ్రహాన్ని నడిపే పెద్దమనిషి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసులో అందరూ ఆయన్ని బావగారూ అనే పిలుస్తారు, ఆయన అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అనుమతి ఆసాంతం చదివి, సరే కదిలిద్దాం అంటూ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

"బావగారూ, ఒక్క నిమిషం. కదిలించే ముందు దీవికి ఓసారి లైను కలపండి. మా చెల్లితో మాట్లాడాలి."

ఇప్పుడేం మాటలు అన్నాడాయన. దాన్ని కడిగి పారెయ్యాలి, ఎందుకు రాయలేదో దాని నోటితోనే చెప్పించాలి అంది.

ఆయన వేళ్లు ఆగిపోయాయి. ఆవిడ వైపు వింతగా చూశాడు.

"ఇంకెక్కడి లైనమ్మా? ‘ఈ రోజు నుంచే దీవులకు ఫోనూ నెట్టూ ఆపేశాం’ అని దరఖాస్తులో మొదటి ముక్కే ఉంది కదా. మాకూ ఓ కాపీ పంపావు. పాత దరఖాస్తులోంచి ఎత్తి రాశావో ఏమో నాకు తెలీదు గానీ, కింద సంతకం నీది. నోటీసు పడకముందే స్విచ్ తీసేశాను."