హారన్ ఎవురు కొట్టినారు?

బండిలో ఎవురూ లేరు. అయినా హారన్ మోగతానే ఉండాది.

“సూడప్పా, ఇదంతా వీడి పనే,” అని ఏకాంబరం తన పాత డ్రైవరు ఏబెల్‌ని చూపించినాడు. వాణ్ణి నెల కిందట తానే మానిపించి, ఇప్పుడు దొంగతనం బయట పెట్టాలని షెడ్డుకు పిలిపించినాడు.

ఎలక్ట్రీషియన్ తిరుమలయ్య బ్యాటరీ వైరు పీకినాడు. హారన్ ఆగింది. “ఏం చేసినాడంటావు?”

“ప్రతి శుక్రవారం నేను బండికి పూజ చేసి ఇంట్లోకి పోతానే, దొంగమాదిరి బానెట్ ఎత్తేవాడు. కొత్త సామాన్లు అమ్ముకోని పాతవి తగిలించినాడు.”

తిరుమలయ్య ఫ్యూజుల డబ్బా మూత తీసినాడు. లోపలంతా పచ్చగా కిలుం, జిగట, చీమలు.

“సామాన్లన్నీ కంపెనీవే. ఇంజిన్ మింద టెంకాయ నీళ్ళు పోస్తావా?”

“ఆరేండ్లుగా పోస్తాండా. అప్పుడెప్పుడూ రాని రోగం ఈ నెలలోనే ఎట్లొచ్చె?”

“ఈ నెల తుడిచేవాడు లేడు గదా,” అని తిరుమలయ్య ఏబెల్‌ని చూసినాడు.

ఏబెల్ అవునని తలకాయ ఊపినాడు.

“నాతో ఒక మాట చెప్పకూడదా రా?” అన్నాడు ఏకాంబరం.

“చర్చికి పొయ్యేవాణ్ణి. సామి నీళ్ళు తుడిచేసినానంటే నువ్వు ఊరుకొనుంటావా న్నా?”

ఊరుకొనుండడు. ఆ సంగతి ఏకాంబరానికే బాగా తెలుసు. మెల్లిగా బండి తాళం ఏబెల్ ముందుకు చాపినాడు.

“తాళం తర్వాత,” అన్నాడు ఏబెల్. “చిత్తూరు టాక్సీ స్టాండులో అందరికీ నన్ను దొంగని చెప్పినావు. నాకెవురూ బండి ఇయ్యలా.”

ఏకాంబరం తాళం జేబులో పెట్టుకున్నాడు. చెప్పులేసుకోని, ఎండలో స్టాండు దావ పట్టినాడు.