టక్కుమనే కొలకర్ర

వాకిట్లో ఆటో ఆగింది.

"గిదే ఇల్లు సార్" అన్నాడు డ్రైవరు.

అరుగు మీద కూచున్న వడ్ల రాజారాం తల తిప్పలేదు. తిప్పినా కనబడేదేం లేదు. షుగర్ జబ్బు అతని రెండు కళ్లనూ తీసుకుపోయి ఏడాదిన్నరైంది.

బోధన్‌లో, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధుల్లో సగం ఇళ్ల తలుపులు ఈ వడ్రంగి చేతిమీదుగా లేచినవే. ఇప్పుడు రంపం అటకెక్కింది. భార్య రేణుకమ్మ పొద్దున్నే నాట్లకు పోయి పొద్దుగూకాక వస్తుంది. అతను అరుగు మీద కూచుని ఆమె అడుగుల కోసం చెవులు రిక్కిస్తాడు. ఆమె వచ్చాక ఏదో వంకన కసురుకుంటాడు.

ఆటో వెళ్లిపోయింది. వచ్చినాయన అరుగు మీద పక్కనే కూచున్నాడు.

"రాజారామన్నా, నా పేరు లింబాద్రి. నిజామాబాద్ నుంచి వచ్చిన. దవఖానల నీ గురించి చెప్పిండ్రు. చూపు పోయినోళ్లకు వడ్లపని నేర్పిస్త."

రాజారాం పెద్దగా నవ్వాడు.

"కళ్లు లేకుంట వడ్లపనా? ఏ సంస్థోనివి నువ్వు? నా పక్కన నిలబడి ఫోటో దిగి పోతవా?"

"ఫోటోలొద్దు. చెయ్యి ఇటియ్యి."

ఒక చెయ్యి రాజారాం మోకాలికి తగిలి, మోచేతికి తగిలి, అరచేతిని చేరింది. చల్లటి ఇనుప కొలకర్ర ఒకటి అందులో పెట్టింది.

"లోపలి కడ్డీని జరుపు."

జరిపాడు. టక్‌మంది. మళ్లీ జరిపాడు. టక్.

"ఒక్కొక్క చప్పుడు అరంగుళం. పెన్సిల్ గీత నీకు కనబడదు గదా, ఉలి అంచుతోని గీటు పెట్టు. గోరు దాంట్ల దిగుతది. గీటు పక్కన చెక్కముక్క బిగించు. రంపం దాన్ని ఆనుకొనే పోతది."

మాటల్లో తడబాటు లేదు. పని తెలిసినవాడి మాటలే. రాజారాంకు మండింది కూడా అందుకే.

"ముప్పై ఏండ్లు ఉలి, రంద పట్టినోన్ని. నాకు చెప్తున్నవా?"

"పని నీకు తెల్సు. చేతులతోని చూసుడు తెల్వది. గదొక్కటే నేను చెప్పేది."

వారం తిరిగేసరికి మళ్లీ వచ్చాడు. ఆ రోజు రాజారాం రంపం ముట్టనే లేదు. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం రంపం పట్టాడు. గీటు పెట్టాడు. చెమటలు కారేలా కోశాడు.

కోసిన అంచును లింబాద్రి వేలితో తడిమాడు.

"వంకర పోయిందన్నా. మల్లొకటి కొయ్యి."

ఈ చేతుల పనికి ఎవరూ ఏనాడూ వంక పెట్టలేదు. రాజారాం కొలకర్రను వాకిట్లోకి విసిరికొట్టాడు. బండల మీద ఖంగుమంది.

"కళ్లున్నోనివి, నువ్వెన్నైన చెప్తవ్! ఒక్క దినం కళ్లు మూసుకొని బతుకు, గప్పుడు రా!"

లింబాద్రి అరుగు దిగాడు. బండల మీద అరచేతులు తడుముతున్న చప్పుడు. ఇటు కాసేపు, అటు కాసేపు.

రాజారాం ఒళ్లు భగ్గుమంది.

"ఏందిరా, గుడ్డోడు ఎట్ల దేవులాడతడో చేసి చూపిస్తున్నవా? నన్ను ఎక్కిరిస్తున్నవా?"

చేతుల చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. చివరికి కొలకర్ర వచ్చి అరుగు మీద, రాజారాం పక్కన చేరింది.

"ఉంచుకో. పనికొస్తది."

ఆటో వచ్చేదాకా లింబాద్రి వాకిట్లోనే నిలబడ్డాడు. మళ్లీ రాలేదు.

నెల రోజుల తర్వాత, ఊరికే కూచోలేక, రాజారాం కొలకర్రను చేతికి తీసుకున్నాడు. కోసిందల్లా వంకరే పోయింది. వేళ్లు తెగాయి. మళ్లీ కోశాడు. ఇంకో రెండు నెలలకు నాలుగు కాళ్ల పీట ఒకటి తయారైంది.

రేణుకమ్మ దాని మీద కూచుని అటూ ఇటూ ఊగి చూసింది. పీట కదల్లేదు. ఆమె చాలాసేపు లేవలేదు.

"గా సారును పిలువుండ్రి. దర్వాజ చేసుడు గూడ నేర్పుతడేమో."

"పిల్సుడు కాదు. నేనే పోత. ఆయన చేతులు పట్టుకునేదున్నది."

దవఖానాలో అడ్రసు కనుక్కుని, పీట చంకన పెట్టుకుని, భార్యతో నిజామాబాద్ బస్సెక్కాడు.

లింబాద్రి నేర్పే శిక్షణ కేంద్రంలో శృతి అనే అమ్మాయి కుర్చీ వేసింది.

"లింబాద్రి సార్ పోయి నెల దాటింది కాకా. గుండెపోటు."

రాజారాం వేళ్లు పీట అంచును గట్టిగా పట్టుకున్నాయి.

"మరి నేర్పుడు?"

"మూసేసినం. సామానంత గోనెసంచులల్ల కట్టి పెట్టినం. చెప్పేటోళ్లు లేరు."

"ఊర్లె ఇంతమంది వడ్లోళ్లు ఉన్నరు గద బిడ్డా. ఒక్కరన్న దొరకలేదా?"

"ఇద్దర్ని పెట్టి చూసినం. కండ్లతోని చేసే పనిని చేతులకు ఎట్ల చెప్పాల్నో వాళ్లకు తెల్వలేదు."

"మరి ఆయనకెట్ల తెల్సింది?"

శృతి తన కుర్చీని దగ్గరికి జరుపుకుంది.

"మీకు చెప్పలేదా కాకా? ఎవ్వరికీ ముందుగాల చెప్పకపోతుండె. తెలిస్తే పని ఇడిశిపెట్టి నా మీద జాలి పడ్తరు, పని చేతికొచ్చినంక చెప్త అంటుండె."

"ఏం చెప్తనంటుండె?"

"సార్‌కు పుట్టుకతోనే చూపు లేదు కాకా."